రక్షణ ప్రయోగశాల, విశ్వవిద్యాలయం, పరిశ్రమ: ఈ మూడింటినీ కలిపే నాయకులు నిజంగా ఏం చేస్తారు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు ఒక ఇంజినీరింగ్ కళాశాలలో పరిశోధన విభాగానికి డీన్‌గా కొత్తగా బాధ్యత తీసుకున్నారు. రక్షణ సంస్థలతోనూ, కంపెనీలతోనూ మీ కళాశాల ఇప్పటికే చాలా అవగాహన ఒప్పందాలు చేసుకుంది. కానీ వాటిలో ఒక్కదాని నుంచి కూడా సైన్యం వాడే వస్తువు గాని, కర్మాగారంలో తయారయ్యే భాగం గాని రాలేదు. ఈ మూడు రంగాలను నిజంగా కలపగలిగిన నాయకులు ఏం చేశారు, మీ స్థాయిలో ఏం చేయవచ్చు, ఒక విశ్రాంత సైనికాధికారిని సలహాదారుగా పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. హైదరాబాద్‌లోని ఒక రక్షణ ప్రయోగశాలలో చాలా కాలం పనిచేసి, తర్వాత ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రానికి సలహాదారుగా ఉన్న అనుభవంతో జవాబు రాస్తున్నాను.

సూటిగా చెబుతాను. ఈ పని సాధించిన నాయకులు ఒక నిర్దిష్టమైన సైనిక అవసరాన్ని చేతిలోకి తీసుకుని, అది ప్రొఫెసర్ గదిలో లెక్కగా ఉన్న రోజు నుంచి కర్మాగారంలో వరుసగా తయారయ్యే రోజు వరకు దానిని వదలకుండా వెంట ఉన్నారు. ఆ దారిలో మనుషులను ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు కదిలించారు. మూడు సంస్థల నియమాలు ఎక్కడ ఒకదానికొకటి అడ్డం వస్తాయో ముందే కనిపెట్టి, ఆ చోట తమ అధికారాన్ని వినియోగించారు. ఒప్పంద పత్రం ఈ పనికి అనుమతి మాత్రమే ఇస్తుంది. దానికి అవసరం, గడువు, బాధ్యుడు అనే మూడూ తోడు కాకపోతే అది బీరువాలో ఉండిపోతుంది.

మన దేశంలోనే జరిగిన ఒక పనితో మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో మొత్తం గొలుసు కనిపిస్తుంది. 1983లో 388 కోట్ల రూపాయలతో సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మంజూరైంది. అప్పటి రక్షణ మంత్రి ఆర్. వెంకటరామన్, శాస్త్రీయ సలహాదారు వి.ఎస్. అరుణాచలం దాని వెనుక నిలబడ్డారు, హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా అబ్దుల్ కలాం దానిని నడిపించారు. అందులో శత్రు విమానాలను కూల్చే ఆకాశ్ క్షిపణికి రాజేంద్ర అనే రాడార్ కావాలి. ఒకేసారి అనేక లక్ష్యాలను గమనించవలసిన ఈ రాడార్ తన కిరణాన్ని యాంటెన్నాను తిప్పకుండానే ఒక దిక్కు నుంచి మరొక దిక్కుకు క్షణంలో మళ్లించాలి. దానికి యాంటెన్నాలోని ప్రతి చిన్న మూలకం దగ్గరా తరంగం దశను మార్చే ఒక పరికరం, అంటే ఫేజ్ షిఫ్టర్, ఉండాలి. ఒక్క రాడార్‌కే అవి వేల సంఖ్యలో కావాలి. అప్పట్లో ఈ పరిజ్ఞానం కొద్ది దేశాల చేతుల్లోనే ఉండేది, వారు దానిని ఇచ్చేవారు కాదు.

ఆ పరికరాన్ని ఐఐటీ ఢిల్లీలోని అనువర్తిత ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రంలో ప్రొఫెసర్ భారతీ భట్ బృందం ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో రూపొందించింది. రాడార్‌ను బెంగళూరులోని రక్షణ రాడార్ ప్రయోగశాల ఎల్‌ఆర్‌డీఈ తీర్చిదిద్దింది. ఫేజ్ షిఫ్టర్ల తయారీని సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్, రాడార్ ఉత్పత్తిని ప్రభుత్వ రంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ చేపట్టాయి. విశ్వవిద్యాలయంలో ఇటువంటి పరికరం ఒకటి పనిచేస్తే పరిశోధన వ్యాసం వస్తుంది. వేల పరికరాలు ఒకే తీరుగా, ఒకే వేడిమి పరిధిలో, ఒకే దోషపరిమితిలో పనిచేస్తేనే రాడార్ వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాటించడమే నాయకత్వం. ఫెర్రైట్ ముడిసరుకు ఒక విడతకూ మరొక విడతకూ మారితే ఎవరు చూడాలి, కర్మాగారంలో తిరస్కరణకు గురైన ముక్కలను ఎవరి ప్రయోగశాలలో విశ్లేషించాలి, డ్రాయింగ్ మార్చే అధికారం ఎవరిది అనే ప్రశ్నలకు సమాధానం చెప్పే మనిషి ఉండాలి. ఆకాశ్ వైమానిక దళంలో చేరింది 2012లో, భూసైన్యంలో చేరింది 2015లో. అంటే కార్యక్రమం మంజూరైన దాదాపు మూడు దశాబ్దాల తర్వాత. మీ యాజమాన్యం ఏడాదిలో ఫలితం అడిగితే ఈ ఒక్క ఉదాహరణను వారి ముందు పెట్టండి.

అదే కార్యక్రమంలో ఆకాశ్ కోసం బహుళ లక్ష్యాలను పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్ ఐ.జి. శర్మ నాయకత్వంలోని యువ ఇంజినీర్లు రాశారు. అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి ప్రవేశించే భాగం రూపకల్పన పద్ధతిపై ఐఐటీ మద్రాసు యువ బృందం రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీవో) శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసింది. ట్యాంకులను ఛేదించే నాగ్ క్షిపణి కోసం సంకేత విశ్లేషణ పద్ధతులను మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగం తయారుచేసింది. ఇక్కడ కలాం చేసిన ముఖ్యమైన పని పెద్ద సమస్యను ముక్కలు చేయడం. ఒక విశ్వవిద్యాలయ విభాగానికి క్షిపణి ఇవ్వలేము, కానీ క్షిపణిలోని ఒక సమీకరణాన్ని ఇవ్వగలము. అది ఎంత పెద్దదిగా ఉండాలి, దాని సరిహద్దులు ఎక్కడ ఉండాలి, తిరిగి మొత్తంలో ఎలా అతకాలి అని నిర్ణయించడానికి మొత్తం వ్యవస్థ తెలిసిన మనిషి కావాలి. ప్రయోగశాల వైపు అలాంటి మనిషి లేనప్పుడు కళాశాల ఎంత ఉత్సాహం చూపినా పని కదలదు. ఇది నేను పదే పదే చూశాను.

రెండవ ఉదాహరణ ఒక్క మనిషిది. ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ నౌకాదళ అధికారి. నౌకాదళ శిక్షణతో వచ్చిన ఆయనకు మామూలు మార్గంలో సంపాదించిన ఇంజినీరింగ్ పట్టా లేదు. అయినా ఐఐటీ ఢిల్లీ ఆయనను పరిశోధనకు తీసుకుంది, ప్రొఫెసర్ పి.వి. ఇందిరేశన్ దగ్గర ఆయన పీహెచ్‌డీ చేశారు. 1971 డిసెంబరులో ఐఎన్‌ఎస్ ఖుక్రీ పాకిస్తాన్ జలాంతర్గామి దాడిలో మునిగిపోయింది. నీటిలో ధ్వని తరంగాల సాయంతో జలాంతర్గాములను ముందుగా పసిగట్టగల మెరుగైన సోనార్ ఎంత అత్యవసరమో ఆ విషాదం దేశానికి చూపించింది. పాల్‌రాజ్ ఐఐటీలోనే ఉండి, అప్పటికి వాడుకలో ఉన్న బ్రిటిష్ సోనార్‌ను మెరుగుపరిచే పని చేశారు. తర్వాత కొచ్చిలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌పీవోఎల్‌లో అప్సో అనే కొత్త సోనార్ అభివృద్ధికి నాయకత్వం వహించారు. అది 1980ల మొదట్లో ఓడల మీదికి చేరింది, తయారీ భారత్ ఎలక్ట్రానిక్స్ చేసింది. ఆ తర్వాత ఆయన భారత్ ఎలక్ట్రానిక్స్ కేంద్ర పరిశోధనశాలకు, కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రానికి పునాదులు వేశారు. అనంతరం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి, నేటి మొబైల్, వైఫై వ్యవస్థలకు ఆధారమైన మైమో పద్ధతిని, అంటే అనేక యాంటెన్నాలతో ఒకేసారి సమాచారం పంపే పద్ధతిని, ప్రతిపాదించారు. 2014లో ఆయనకు మార్కోని బహుమతి లభించింది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఆయన ప్రతిభ గురించి మాత్రమే అయితే మీకు ఉపయోగం లేదు, ఎందుకంటే ప్రతిభను నియమావళితో పుట్టించలేము. నేర్చుకోవలసింది మూడు సంస్థలు చేసిన నిర్ణయాల గురించి. నౌకాదళం పనిలో ఉన్న అధికారిని చదువుకు వదిలిపెట్టింది. ఐఐటీ నిబంధనకు మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వ కర్మాగారం తన బయట రూపకల్పన జరిగిన పరికరాన్ని తన ఉత్పత్తిగా స్వీకరించింది. ఈ మూడు నిర్ణయాల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ సోనార్ రాదు. ఇందిరేశన్ వంటి ప్రొఫెసర్లు ఆ మినహాయింపు కోసం నిలబడటం కూడా నాయకత్వమే. వార్తల్లో దాని ప్రస్తావన రాదు గాని, డీన్‌గా మీ చేతిలో ఉన్న అధికారం సరిగ్గా ఆ రకమైనదే.

మనుషులు కదలాలి అని పైన అన్నాను, దానిని కొంచెం విస్తరిస్తాను. స్వతంత్ర భారతంలో రక్షణ విజ్ఞానానికి 1948లో పునాది వేసిన దౌలత్ సింగ్ కొఠారీ ఢిల్లీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు. రక్షణ శాఖ శాస్త్రీయ సలహాదారుగా పనిచేసిన తర్వాత ఆయన 1961 నుంచి యూజీసీకి అధ్యక్షుడయ్యారు. కొఠారీ తర్వాత రక్షణ సలహాదారు పదవికి వచ్చిన సూరి భగవంతం అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారు. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, ఉస్మానియాకు ఉపకులపతిగా, భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టర్‌గా పనిచేసిన తర్వాతే ఆయన 1961లో రక్షణ విజ్ఞాన బాధ్యత తీసుకున్నారు. క్షిపణుల ప్రయోగశాల (డీఆర్‌డీఎల్), లోహ పరిశోధనశాల (డీఎంఆర్ఎల్) హైదరాబాద్‌లో వేళ్లూనుకున్నది ఆయన కాలంలోనే.

ప్రొఫెసర్ పల్లె రామారావు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం బోధించి, హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్ డైరెక్టర్ అయ్యారు, తర్వాత కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగా, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. డీఆర్‌డీవో పనితీరును సమీక్షించే కమిటీకి అధ్యక్షత కూడా ఆయనకే అప్పగించారు. తేజస్ యుద్ధవిమాన కార్యక్రమాన్ని నడిపిన కోట హరినారాయణ, 2001 జనవరి 4న ఆ విమానం తొలిసారి ఎగిరిన తర్వాత, 2002లో అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో 2005లో రక్షణ శాఖ సహకారంతో అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం ఏర్పడింది. ప్రయోగశాలకు ఏం కావాలో తెలిసిన మనిషి విశ్వవిద్యాలయ పాలనలో కూర్చుంటే కొనుగోలు దస్త్రం, భద్రతా అనుమతి, భవన స్థలం వంటి చిన్నవిగా కనిపించే అడ్డంకులు ఎంత త్వరగా తొలగుతాయో దగ్గరగా చూసినవారికే తెలుస్తుంది.

బయటి దేశాల నుంచి ఒకే ఒక్క విషయం చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా శాస్త్ర పరిశోధనను సమన్వయపరచిన వానెవార్ బుష్ అంతకుముందు ఎంఐటీలో ఇంజినీరింగ్ డీన్, రేథియాన్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు. మూడు రంగాలూ ఆయనలోనే ఉన్నాయి. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన, రాడార్‌కు శక్తిమంతమైన తరంగాలను ఇచ్చే క్యావిటీ మాగ్నెట్రాన్‌ను బ్రిటన్ ప్రతినిధి బృందం అమెరికాకు తీసుకువెళ్లిన కొద్ది నెలల్లోనే ఎంఐటీలో రాడార్ మీద పనిచేసే రేడియేషన్ ప్రయోగశాల మొదలైంది, యుద్ధం ముగిసేనాటికి అక్కడ దాదాపు 4,000 మంది పనిచేస్తున్నారు. బుష్ ప్రొఫెసర్లను సైన్యంలో చేర్చుకోలేదు. విశ్వవిద్యాలయంతోనే కాంట్రాక్టు కుదుర్చుకుని, పరిశోధన ఖర్చుతో పాటు సంస్థ నిర్వహణ ఖర్చును కూడా చెల్లించే పద్ధతి పెట్టారు. ప్రొఫెసర్ తన సంస్థలోనే, తన స్వేచ్ఛతోనే ఉంటాడు, పని మాత్రం గడువుతో, లెక్కతో నడుస్తుంది. మన దగ్గర చాలా కళాశాలలు నిర్వహణ ఖర్చును అడగడానికి మొహమాటపడి, మధ్యలో కరెంటు బిల్లుకు, సాంకేతిక సిబ్బంది జీతానికి డబ్బు లేక పని ఆపేస్తాయి. ప్రతిపాదనలోనే ఆ ఖర్చును చూపించండి.

ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఎక్కువ తలనొప్పి తెచ్చే విషయానికి వస్తాను. మూడు సంస్థల కాలగణన మూడు రకాలుగా ఉంటుంది. పీహెచ్‌డీ విద్యార్థికి నాలుగైదేళ్లు కావాలి, మధ్యలో సెమిస్టర్ పరీక్షలు, బోధన బాధ్యతలు ఉంటాయి. సైన్యం వైపు అవసరాన్ని వివరించిన అధికారి రెండు మూడేళ్లలో బదిలీ అవుతాడు, ఆయన స్థానంలో వచ్చిన అధికారికి వేరే ప్రాధాన్యాలు ఉండవచ్చు. ప్రయోగశాల డబ్బు మార్చి 31తో ముడిపడి ఉంటుంది. చిన్న పరిశ్రమ యజమానికి నెల తిరిగేసరికి బ్యాంకు వడ్డీ, కార్మికుల జీతాలు ఎదురుచూస్తుంటాయి. నేను చూసిన విఫల ప్రాజెక్టుల్లో విజ్ఞానశాస్త్రం వల్ల ఆగిపోయినవి తక్కువ, ఈ కాలాల పొంతన కుదరక ఆగిపోయినవే ఎక్కువ. మా కేంద్రంలో ఒక పూత పదార్థం మీద పని జరుగుతున్నప్పుడు పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథం సమర్పించి ఉద్యోగానికి వెళ్లిపోయాడు, అదే సమయంలో ప్రయోగశాల వైపు బాధ్యుడు కూడా మారాడు. ఆ పనిని నిలబెట్టింది అక్కడ శాశ్వత ఉద్యోగంలో ఉన్న ఒక సాంకేతిక సహాయకురాలు. ప్రతి నమూనా వివరాన్నీ ఆమె నమోదు పుస్తకంలో రాసిపెట్టింది కాబట్టి తర్వాత వచ్చినవారు తిరిగి మొదటి నుంచి ప్రారంభించవలసిన అవసరం లేకపోయింది. అప్పటి నుంచి ఏ ప్రతిపాదనలోనైనా శాశ్వత సాంకేతిక సిబ్బంది ఒకరి పేరు బాధ్యులలో ఉండాలని పట్టుబడుతున్నాను.

తర్వాతి అడ్డంకి అర్హత పరీక్షలు. విద్యుత్ పరికరమైతే జేఎస్‌ఎస్ 55555 అనే సైనిక ప్రమాణం ప్రకారం వేడి, చలి, తేమ, కంపనం, ఉప్పునీటి తుంపర వంటి పరీక్షలు, విద్యుదయస్కాంత జోక్యానికి సంబంధించిన పరీక్షలు తట్టుకోవాలి. విమానంలోకి వెళ్లేదైతే సైనిక విమానాల యోగ్యతను తేల్చే సంస్థ సెమిలాక్ ధ్రువీకరణ కావాలి. క్షిపణి భాగమైతే దాని నాణ్యతను చూసే ప్రత్యేక సంస్థ ఉంటుంది. ప్రొఫెసర్లు ఈ పరీక్షలను చివరి ఘట్టంగా భావిస్తారు, అక్కడే చిక్కు మొదలవుతుంది. ఒక విశ్వవిద్యాలయ బృందం తయారుచేసిన సెన్సర్ బల్ల మీద ఎంతో చక్కగా పనిచేసి, కంపన పరీక్షలో లోపలి తీగల అతుకుల దగ్గర విరిగిపోవడం నేను చూశాను. సెన్సర్ సూత్రంలో ఏ లోపమూ లేదు. పెట్టె రూపకల్పనలో ఆ అతుకులకు ఆధారం ఇవ్వాలని వారికి చెప్పినవారు లేరు, అంతే. ఆ తర్వాతి ప్రాజెక్టులో నాణ్యతా సంస్థ ఇంజినీర్‌ను మొదటి రూపకల్పన సమీక్షకే పిలిచాము. ఆయన ఒక మధ్యాహ్నం కూర్చుని వేసిన ప్రశ్నల వల్ల పెట్టె కొలతలు, స్క్రూల స్థానాలు, కనెక్టర్ రకం అన్నీ మారాయి, పరీక్షల దశ సాఫీగా నడిచింది.

పరిశ్రమ గురించి విద్యావేత్తలు తరచూ ఒక అపోహలో ఉంటారు. సాంకేతికతను బదిలీ చేస్తే పరిశ్రమ సంతోషంగా తయారు చేస్తుందని అనుకుంటారు. బాలానగర్‌లోనో, కుషాయిగూడలోనో యంత్రాలు పెట్టుకున్న యజమాని మొదట అడిగేది ఎన్ని ముక్కలు, ఎన్నేళ్లు అని. ఆ ప్రశ్నలో అత్యాశ ఏమీ లేదు. ప్రత్యేక పనిముట్లు, అచ్చులు, కొలత పరికరాలు కొనడానికి ఆయన సొంత ఇంటిని తాకట్టు పెట్టి ఉండవచ్చు. అందుకే సాధ్యమైతే తయారీదారును నమూనా దశలోనే బృందంలోకి తీసుకోండి, ఆయన వెచ్చించే సమయానికి డబ్బు చెల్లించండి. తయారీదారు చెప్పే మాటలు రూపకల్పనను బాగుచేస్తాయి. లోపలి మూల వ్యాసార్థాన్ని కొంచెం పెంచితే ప్రత్యేక కట్టర్ అవసరం ఉండదని, ఫలానా మిశ్రమ లోహం రాడ్ రూపంలో దొరుకుతుంది గాని పలక రూపంలో ఎక్కువ కాలం ఎదురుచూడాలని ఆయనకు తెలిసినట్టుగా మనకు తెలియదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. అభివృద్ధిలో పాలుపంచుకున్న పరిశ్రమకే ఉత్పత్తి ఆర్డర్ తప్పక వస్తుందని మాట ఇవ్వకండి. కొనుగోలు నిబంధనలు ఏ పద్ధతి కింద నడుస్తాయో దానిని బట్టి అది మారుతుంది, చాలాచోట్ల తక్కువ ధర పలికినవారికే ఆర్డర్ వెళుతుంది. ఆ సంగతి మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పడం న్యాయం.

డబ్బు గురించి ఇప్పుడు పరిస్థితి గతంకన్నా మెరుగ్గా ఉంది, కాబట్టి త్వరగా చెప్పి ముగిస్తాను. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధుల్లో 25 శాతాన్ని పరిశ్రమలు, అంకుర సంస్థలు, విద్యాసంస్థల కోసం కేటాయిస్తామని ప్రకటించారు. రక్షణ ఆవిష్కరణలకు సాయపడేందుకు 2018లో మొదలైన ఐడెక్స్ పథకం కింద అంకుర సంస్థలకు 1.5 కోట్ల రూపాయల వరకు, ఐడెక్స్ ప్రైమ్ కింద 10 కోట్ల వరకు, తర్వాత వచ్చిన అదితి కింద 25 కోట్ల వరకు సహాయం ఉంది, సంస్థ కూడా తన వాటా పెట్టాలి. సాంకేతికాభివృద్ధి నిధి కింద ప్రాజెక్టుకు 50 కోట్ల వరకు వీలుంది. విద్యాసంస్థలకు నేరుగా ఉపయోగపడేవి 1971 నుంచి ఉన్న ఏరోనాటిక్స్ పరిశోధన, అభివృద్ధి మండలి, నౌకాదళ పరిశోధన మండలి, ఆయుధ పరిశోధన మండలి వంటివి. ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల డీఆర్‌డీవో, పరిశ్రమ, విద్యాసంస్థల ఉమ్మడి ఉత్కృష్ట కేంద్రాలు ఉన్నాయి. మీ కళాశాల మొదటిసారే సొంతంగా పెద్ద ప్రాజెక్టు అడగడం కంటే వీటిలో ఒక కేంద్రానికి భాగస్వామిగా చేరి, ఒక చిన్న ముక్కను బాగా చేసి చూపించడం మేలని నా అభిప్రాయం.

రహస్యం, ప్రచురణ విషయంలో మీ అధ్యాపకులు తప్పక అడుగుతారు. నేను పాటించే పద్ధతి ఇది. సమస్యను రెండుగా విడదీస్తాము. పదార్థ ధర్మం, గణిత పద్ధతి, కొలత విధానం వంటివి బహిరంగ భాగం, విద్యార్థి సిద్ధాంత గ్రంథం దాని మీదే ఉంటుంది. ఆ పద్ధతి ఏ ఆయుధంలో, ఏ విలువలతో, ఎక్కడ వాడతారన్నది ప్రయోగశాలలోనే ఉంటుంది. ఈ విభజనను పని మొదలయ్యే ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. విద్యార్థి మూడవ ఏడాదిలో ఉండగా వ్యాసానికి అనుమతి లేదని చెప్పడం ఆ విద్యార్థికి చేసే అన్యాయం. విభజన కుదరని అంశమైతే దానిని విద్యార్థికి ఇవ్వవద్దు, ప్రాజెక్టు ఉద్యోగులతో చేయించండి. పేటెంట్ హక్కుల వాటా కూడా అదే పత్రంలో ఉండాలి.

ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. అన్ని విశ్వవిద్యాలయాలూ, అన్ని విభాగాలూ రక్షణ పనిలోకి రావాలని నేను అనను. ఎంఐటీలో అపోలో వ్యోమనౌకకు మార్గదర్శక కంప్యూటర్ తయారుచేసిన ప్రయోగశాల క్షిపణుల పని కూడా చేసేది. వియత్నాం యుద్ధ కాలంలో విద్యార్థుల, అధ్యాపకుల నిరసనలు పెరిగాయి. చివరికి 1973లో అది డ్రేపర్ ప్రయోగశాల పేరుతో విశ్వవిద్యాలయం నుంచి వేరైంది. ఆయుధ సంబంధమైన పని చేయనని చెప్పే అధ్యాపకుడి మీద ఒత్తిడి పెట్టకూడదు, ఆయన పదోన్నతి మీద దాని నీడ పడకూడదు. అలాగే విశ్వవిద్యాలయం మొత్తం ఒకే ధనదాత అవసరాల వైపు వంగిపోతే మౌలిక విజ్ఞానం ఎండిపోతుంది. భారతీ భట్ బృందానికి ఫెర్రైట్‌లలో అంతకుముందే పట్టు లేకపోతే రాజేంద్ర రాడార్ వారి తలుపు తట్టేది కాదు కదా. మీ కళాశాలలో ఎవరూ అడగకపోయినా ఏదో ఒక అంశాన్ని ఏళ్ల తరబడి లోతుగా చదువుతున్న ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారిని కాపాడటం ఈ పనిలో మొదటి భాగం.

ఇక మీరు చేయవలసింది. ఇప్పుడున్న ఒప్పందాల జాబితా తీసి, ప్రతిదాని ఎదుటా అవతలి సంస్థలో పేరుతో సహా బాధ్యుడు ఎవరు, ఏ సమస్య, ఏ తేదీ అని రాయండి. మూడూ రాయలేని ఒప్పందాలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తర్వాత ఐడెక్స్, సాంకేతికాభివృద్ధి నిధి, పరిశోధన మండళ్లు బహిరంగంగా ప్రకటించే సమస్యల జాబితాలను మీ అధ్యాపకులతో కూర్చుని చదవండి. మీ వాళ్లకు నిజంగా లోతు ఉన్న ఒక్క సమస్యను ఎంచుకోండి. ఆ అధ్యాపకుడికి ఒక సెమిస్టర్ బోధన భారం తగ్గించి, సంబంధిత ప్రయోగశాలలో గడిపే ఏర్పాటు చేయండి. ఈ ఏర్పాటు మీ సంతకంతో అయ్యే పని, దీనికి ఎవరి నిధులూ అక్కరలేదు. ప్రయోగశాల శాస్త్రవేత్తలు మీ దగ్గర పీహెచ్‌డీకి నమోదు కావడానికి ఉన్న అడ్డంకులను తొలగించండి. వారు మీ విద్యార్థుల పక్కన కూర్చుని పనిచేసినప్పుడు ఏ ఒప్పందమూ ఇవ్వలేని సంబంధం ఏర్పడుతుంది. రక్షణ సాంకేతికతలో ఎం.టెక్ కోర్సును ఏఐసీటీఈ, డీఆర్‌డీవో 2021లో ప్రారంభించాయి. సరైన అధ్యాపకులు ఉంటే దానిని పరిశీలించండి, లేకపోతే ప్రచారం కోసం మొదలుపెట్టవద్దు.

విశ్రాంత అధికారి గురించి అడిగిన చివరి ప్రశ్నకు జవాబు ఇది. ఆయన ఏ శాఖలో, ఏ పరికరాలతో పనిచేశారో చూసి నిర్ణయించండి. రాడార్ నిర్వహణలో జీవితం గడిపిన అధికారి ఆ పరికరం ఎండలో, ఇసుకలో ఎలా చెడిపోతుందో, సిపాయి చేతి తొడుగు వేసుకుని ఏ బటన్ నొక్కలేడో చెప్పగలరు. ఆ జ్ఞానం అమూల్యమైనది, దాని కోసం ఆయనను తప్పక నియమించుకోండి. పరిచయాల ద్వారా ఆర్డర్లు తెస్తారన్న ఆశతో మాత్రం నియమించవద్దు. అది ఆయనకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. నియమించాక ఆయనకు వేరే గది ఇవ్వకుండా ప్రాజెక్టు జరుగుతున్న ప్రయోగశాలలోనే కుర్చీ వేయండి, ప్రతి రూపకల్పన సమీక్షలోనూ మొదటి ప్రశ్న ఆయననే అడగనివ్వండి. మీరు ఎంచుకున్న సమస్య ఏదో, మీ అధ్యాపకుల నేపథ్యం ఏమిటో ఇక్కడ రాస్తే, ఏ పరిశోధన మండలికి ప్రతిపాదన పంపడం సరైనదో నాకు తెలిసినంతవరకు చెబుతాను.